ఒక్క మానిటర్‌కు ఒక్క జీబీ

అమీర్‌పేటలో ఏ జిరాక్స్ షాపుకైనా వెళ్లి "విజయేందర్ సార్ హార్డ్‌వేర్ నోట్స్" అని అడగండి. షాపువాడు తల కూడా ఎత్తడు. వెనక్కి చెయ్యి చాపి, స్పైరల్ బైండింగ్ చేసిన పుస్తకం ఒకటి తీసి మీ ముందు పడేస్తాడు. ఆ విజయేందర్‌ను నేనే. అందులో చేతిరాత నాది. తప్పులు కూడా నావే.

ఇరవై రెండేళ్లుగా మైత్రీవనం వెనక సందులో, ఓ మూడో అంతస్తులో, బ్యాచ్‌కు డెబ్బై మందికి కంప్యూటర్ విప్పడం, బిగించడం నేర్పుతున్నాను. నా గొంతు పెద్దది. కోపం అంతకంటే పెద్దది. మైకు ఇస్తే తీసి పక్కన పెడతాను. నాకున్న జబ్బు ఒక్కటే: "తెలియదు" అనే మాట నోటికి రాదు. సార్‌కే తెలియదంటే పిల్లలు పక్క ఇన్‌స్టిట్యూట్‌కు పోతారు. ఇక్కడ గోడకు గోడ ఇన్‌స్టిట్యూటే.

పన్నెండేళ్ల కిందట ఒకరోజు క్లాసు అయిపోతుండగా వెనక బెంచీలోంచి ఎవడో లేచాడు. "సార్, ఒక్క కంప్యూటర్‌కు రెండు మూడు మానిటర్లు పెట్టాలంటే గ్రాఫిక్స్ కార్డుల మెమరీ ఎంత ఉండాలె?" అని అడిగాడు. నాకు తెలియదు. బయట తర్వాతి బ్యాచ్ వాళ్లు తలుపు బాదుతున్నారు. "ఒక్క మానిటర్‌కు ఒక్క జీబీ. రాసుకోండ్రి!" అన్నాను. రాసుకున్నారు.

చెవికి ఇంపుగా ఉంది కదా, అందరికీ గుర్తుండిపోయింది. ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఇంటర్వ్యూ చేసేవాడు కూడా నా నోట్స్ చదువుకున్నవాడే కాబట్టి ఉద్యోగాలు వచ్చాయి. ఆ ఉద్యోగాలు వచ్చినవాళ్లు తమ్ముళ్లను పంపించారు. నోట్స్‌లో నలభై ఏడో పేజీలో, చుట్టూ డబ్బా గీసి, ఇప్పటికీ ఉంది ఆ వాక్యం.

నాలుగేళ్ల కిందట అనుదీప్ అని బక్కపల్చటి పిల్లవాడు ఒకడు వచ్చాడు. నలభై ఏడో పేజీ చెప్తుంటే చెయ్యెత్తాడు. "సార్, మానిటర్ మీద అడ్డంగ పందొమ్మిది వందల ఇరవై చుక్కలు, నిలువుగ వెయ్యి ఎనభై. ఒక్కో చుక్క రంగుకు నాలుగు బైట్లు. గుణిస్తే ఎనిమిది ఎంబీ ఒస్తుంది సార్. మరి వెయ్యి ఎంబీ ఎందుకు?"

"ఇంటర్వ్యూల అడిగితే నీ గుణకారం చెప్తవా, నా నోట్స్ చెప్తవా? పెద్ద సైంటిస్ట్ ఒచ్చిండు! కూసో!"

క్లాసంతా ఘొల్లుమంది. వాడు కూర్చున్నాడు. వారం తిరక్కుండానే మానేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కరెంటు బిల్లు వెనక నేనే గుణించాను. ఎనభై మూడు లక్షల బైట్లు. అంటే ఎనిమిది ఎంబీ. మూడు మానిటర్లకు పాతిక. ఒక్కో బొమ్మకు రెండు మూడు కాపీలు దాచుకున్నా వంద దాటదు. తెర మీద తెరిచిన విండోలన్నీ కలుపుకున్నా కొన్ని వందలు. నా రూలు ప్రకారం మూడు జీబీ, అంటే మూడు వేల ఎంబీ! ముగ్గురు కూర్చోవడానికి ఫంక్షన్ హాలు తీసుకున్నట్టు. అంత మెమరీ గేములు ఆడేవాళ్లకు కావాలి, సినిమాల గ్రాఫిక్స్ చేసేవాళ్లకు కావాలి. ఆఫీసు బల్ల మీద ఎన్ని మానిటర్లు పెట్టొచ్చన్నది కార్డు ఎన్నింటిని నడిపించగలదు, దానికి ఎన్ని సాకెట్లు ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకవేళ మెమరీ నిండినా కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది తప్ప, ఉన్న మూడింట్లో ఒక్క మానిటర్ మాత్రమే ఆరిపోవడం ఉండదు.

తెలిసింది కదా. మరి పేజీ మార్చానా? లేదు. జిరాక్స్ షాపుల్లో వేల కాపీలు ఉన్నాయి, ఎక్కడని మార్చను, ఒక్క వాక్యంతో కొంప మునిగిపోతుందా అనుకున్నాను. నిజం చెప్పాలంటే సిగ్గేసింది. అనుదీప్‌ను అంతమందిలో నవ్వులపాలు చేసి, రేపు పొద్దున్నే వాడి లెక్కే నేను చెప్పాలా? ఆ కరెంటు బిల్లు చింపి పారేశాను.

ఆరు నెలల కిందట, క్లాసుకూ క్లాసుకూ మధ్య సందు చివర బండి దగ్గర దోశ తింటుంటే ఫోన్ వచ్చింది.

"సార్, నమస్తే. నేను ఓదెలును సార్, మీ పాత స్టూడెంట్. పంజగుట్టల ప్రైవేటు అంబులెన్సోళ్ల కాల్ సెంటర్ల సిస్టమ్స్ చూస్తున్న. మా మేనేజర్ ప్రమోద్ సార్ మీతోని మాట్లాడుతడట."

"నమస్కారం విజయేందర్ గారూ. ఏంటంటే, మాకు ఒక్కో టేబుల్‌కి మూడు మానిటర్లండీ. కార్డులో మెమరీ రెండు జీబీ. మా ఆపరేటర్ ఒకావిడ మూడో స్క్రీన్ మీద సొంత ఫొటోలు తెరిచి పెట్టుకుందండీ. సరిగ్గా కాల్ వచ్చిన టైముకి ఆ స్క్రీన్ నల్లగా అయిపోయింది. ఫొటోల వల్లే మెమరీ నిండిపోయిందని ఓదెలు అంటున్నాడు. మీ నోట్సులో ఉందంట కదా. నిజమేనాండీ?"

హార్డ్‌వేర్ మనిషి ఎవడైనా మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ మూడో మానిటర్ వైరు ఎట్లా ఉంది, దేనికి తగిలించారు అని. క్లాసులో మొదటి రోజే చెప్తాను ఆ మాట. వైరు చూడకుండా పెట్టె విప్పినవాడిని బెంచీ ఎక్కిస్తాను కూడా. ఆరోజు నేను అడగలేదు. అటువైపు నా శిష్యుడు నా నోట్స్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తప్పని ఎట్లా చెప్పను?

"పక్కా సార్! రెండు జీబీకి మూడు మానిటర్లే ఎక్కువ. దాని మీద ఫోటోలు తెరిస్తే నిండదా మరి? హండ్రెడ్ పర్సెంట్ గదే!"

నా గొంతుకు దోశ బండివాడు పెనం వదిలేసి ఇటు తిరిగాడు. "థాంక్సండీ, చాలా క్లియర్‌గా చెప్పారు" అని ప్రమోద్ గారు ఫోన్ పెట్టేశారు. చెయ్యి కడుక్కునేసరికి నేను ఆ సంగతి మరిచిపోయాను.

పోయిన నెల కొత్త బ్యాచ్‌లో రవళి చేరింది. మిగతా అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. ఈమెకు ముప్పై దాటి ఉంటాయి. రోజూ ముందు బెంచీలో మొదటి సీటు. నేను తుమ్మినా రాసుకునేలా ఉండేది. నేను ఎవరినైనా తిడుతుంటే అందరూ తల దించుకుంటారు, ఈమె మాత్రం కళ్లు మూసుకుని వినేది. ఇదేం అలవాటో అనుకున్నాను.

నలభై ఏడో పేజీ చెప్పిన రోజు క్లాసయ్యాక స్టాఫ్ రూముకు వచ్చి నిలబడింది.

"సార్, జర ఒక డౌటు. రెండు జీబీ నిండాలంటే ఎన్ని ఫోటోలు తెరవాలె?"

"గదెందుకమ్మా నీకు?"

"నేను పన్నెండు తెరిచిన సార్. ఎన్నింటి కాడ ఆగితే మంచిగుండెనో తెలుసుకుందామని."

నా చేతిలో ఇంకా చాక్‌పీసు ఉంది. కూర్చోమన్నాను. చెప్పింది. పంజగుట్టలో అంబులెన్స్ కాల్ సెంటర్లో నాలుగేళ్లు చేసింది. ఎడమ మానిటర్ మీద కాల్స్, నడిమి దాని మీద పేషెంటు వివరాలు, కుడి దాని మీద మ్యాపు. మ్యాపులో ఏ బండి ఎక్కడుందో కనబడుతుంది. ఆరోజు పొద్దున కాల్స్ లేని పది నిమిషాల్లో, కూతురు యశస్విని స్కూల్లో డాన్స్ చేసిన ఫొటోలు మ్యాపు పక్కన తెరిచింది. అప్పుడే సనత్‌నగర్ నుంచి కాల్ వచ్చింది. రాజనర్సయ్య అని లేతు మిషను మీద పని చేసే పెద్దాయన. మూతి వంకర పోయింది, మాట ముద్దగా వస్తోంది అని భార్య సీతాబాయి ఏడుస్తూ చెప్తోంది. మ్యాపు మానిటర్ నల్లబడింది.

"ఏ బండి దగ్గరున్నదో కనపడలే సార్. యాదికున్నదాన్ని బట్టి లక్డీకాపూల్ బండిని పంపిన. ట్రాఫిక్‌ల ఇరుక్కొని గంట పట్టింది. తర్వాత చూస్తే ఎర్రగడ్డ రైతుబజార్ ముంగట ఒక బండి ఖాళీగ ఉండె. అయిదు నిమిషాల్ల పోయేది సార్. పెద్దాయన బతికిండు గని కుడిచెయ్యి పడిపోయింది. జల్ది ఒస్తే చెయ్యి నిలిచేదని డాక్టర్ అన్నడట."

"నౌకరీ తీసేసిండ్రా?"

"తీసేసిండ్రు. నౌకరీ ఫికర్ లేదు సార్. నేను ప్రతి ఆదివారం ఆళ్ల ఇంటికి పోతున్న. నా తప్పే అని చెప్పుకున్న. సీతాబాయమ్మ ఏం అనలే, చాయ్ పోసిచ్చింది. మా యశస్విని ఫోటో తియ్యమని ఎంటవడ్తది సార్. ఫోన్ చేతికి తీసుకొని మల్ల కింద పెడ్త. ఆరు నెలల నుంచి దానికి ఒక్క ఫోటో తియ్యలే."

చాక్‌పీసును విరిచి విరిచి పొడి చేస్తున్నాను. ఆమె ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ మొదలుపెట్టింది.

"ఇంకోటి సార్. ఆ మానిటర్ వైరుకు ఎన్క తెల్లగ చిన్న ముక్క ఉండె. పట్టుకుంటే చెయ్యి కాలేది. అంతకుముందు సుత రెండుసార్లు నల్లగైతే, దాన్ని జర ఊపితే ఒచ్చింది. ఆరోజు ఊపినా రాలే. ఓదెలన్నకు చెప్తే, గది కాదక్కా, మెమరీ అన్నడు. గది నిజంగనే కాదా సార్?"

కన్వర్టర్! కార్డుకున్న కొత్త రకం సాకెట్‌కు పాత మానిటర్ వైరు పట్టదు కదా, మధ్యలో తగిలించే ముక్క. వేడెక్కితే చస్తుంది. నా క్లాసులో రెండో వారం పిల్లవాడు కూడా చెప్తాడు ఆ సంగతి. ఛీ! ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, ఒకే ఒక్క ప్రశ్న!

"రేపు చెప్తనమ్మా" అన్నాను. ఆమె వెళ్లిపోయాక తేలు కుట్టిన దొంగలా ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

పన్నెండింటి బ్యాచ్ వదిలేసి మెట్రో ఎక్కాను. పంజగుట్ట ఒక్క స్టేషనే. ఓదెలు కిందికి వచ్చాడు. నన్ను చూసి పొంగిపోయి కాళ్లకు మొక్కబోయాడు. నేను వాడి భుజం పట్టుకుని ఆపాను.

"అరే ఓదెలు, ఆ రవళి మానిటర్ ఇప్పుడు నడుస్తుందారా?"

వాడి నవ్వు ఆగిపోయింది.

"నడుస్తుంది సార్. మంచిగనే నడుస్తుంది."

"మెమరీ పెంచినవా?"

"లేదు సార్. గదే రెండు జీబీ కార్డు."

"మరేం చేసినవ్?"

వాడు మెట్రో పిల్లరు వైపు చూశాడు. "వారం తర్వాత కన్వర్టర్ మార్చిన సార్. మల్ల ఎన్నడు నల్లగ కాలే. ఇప్పుడున్న పిల్ల ముప్పై ఫోటోలు తెరిచి కూసుంటది."

"తెలిసిన రోజే మేనేజర్‌కు చెప్పకపోతివేందిరా? ఆమె నౌకరీ పోయింది కదరా! నీకు నోరు లేదా?" అరిచాను. పక్కన పండ్ల బండి ఆమె మా వైపు చూసింది.

ఓదెలు తల దించుకున్నాడు. "మీరు హండ్రెడ్ పర్సెంట్ అన్నంక, మా సార్ చెప్పింది తప్పని నేనెట్ల చెప్త సార్? మీ పుస్తకం చూపించే నాకు గీ నౌకరీ ఒచ్చింది."

వాడిని కొట్టాలని లేచిన చెయ్యి జేబులోకి పోయింది. వాడిని ఏమని తిట్టను? వాడు చేసింది అచ్చం నేను చేసిందే. నా దగ్గరే నేర్చుకున్నాడు.

ఆ సాయంత్రమంతా మనసు బాగాలేదు. ఆరు నెలలుగా ఆ అమ్మాయి బిడ్డ ఫొటోలను నేరంలా మోస్తోంది. ఎవరిదో చెయ్యి పడిపోవడానికి తనే కారణమని వారం వారం వాళ్ల గడపలో కూర్చుంటోంది. నేను మాత్రం హాయిగా దోశలు తింటున్నాను. పాపం అనే మాటకు ఇంతకంటే వేరే అర్థం ఏముంటుంది? అయినా చూడండి నా బుద్ధి. అప్పుడు కూడా తప్పించుకునే దారే వెతికాను. పొద్దున క్లాసులో, "ఇప్పుడు కొత్త కార్డులు ఒచ్చినయి, పాత రూలు మారింది" అని మెల్లగా సవరించేస్తే చాలు. ఆమెకు ఊరట దొరుకుతుంది, నా పరువూ ఉంటుంది. ఆ ప్లానుతోనే పడుకున్నాను.

పొద్దున ఎనిమిది గంటల బ్యాచ్. రవళి అదే సీటులో ఉంది. నలభై ఏడో పేజీ తియ్యమన్నాను.

"దీన్ని కొట్టేయుండ్రి. రూలు మారింది. కొత్త లెక్క రాసుకోండ్రి."

బోర్డు మీద రాశాను. పందొమ్మిది వందల ఇరవై ఇంటూ వెయ్యి ఎనభై ఇంటూ నాలుగు. ఎనిమిది ఎంబీ. మూడు మానిటర్లకు పాతిక. "నల్లబడితే ముందు వైరు చూడుండ్రి, కన్వర్టర్ చూడుండ్రి. మెమరీ మీదికి తోసేయొద్దు. ఫోటోలు పన్నెండు కాదు, వంద తెరిచినా మానిటర్ ఆరిపోదు." ఆ చివరి మాట ఆమె వైపు చూడకుండా చెప్పాను.

డెబ్బై పెన్నులు గబగబా కదులుతున్నాయి. ఆమె పెన్ను మాత్రం నెమ్మదిగా కదులుతోంది. రాసుకోవడం లేదు, గుణిస్తోంది. ఒకసారి గుణించి, కొట్టేసి, మళ్లీ గుణించింది. తర్వాత చెయ్యెత్తింది.

"సార్, రూలు ఎప్పుడు మారింది?"

"ఈ మధ్యనే."

"ఆరు నెలల కింద, గదే కార్డు, గవే మానిటర్లు. అప్పుడు గుణిస్తే సుత గింతే ఒస్తుండెనా సార్?"

క్లాసులో కొందరు నవ్వారు. వాళ్లకేం తెలుసు. అబద్ధం నాలుక చివరదాకా వచ్చింది, వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"గింతే ఒస్తుండె" అన్నాను. "ఎప్పుడు గుణించినా గింతే. రూలు మారలేదమ్మా. ఆ రూలే తప్పు. పన్నెండేళ్ల కింద తెల్వక చెప్పిన. నాలుగేళ్ల సంది తెలిసే చెప్తున్న. అనుదీప్ అనే పిల్లగాడు ఈ లెక్క ఇదే క్లాసుల చెప్పిండు. వాన్ని నవ్వులపాలు చేసి పంపిన."

నవ్వులు ఆగిపోయాయి. చాక్‌పీసు బల్ల మీద పెట్టాను.

"ఇంకొకటుంది రవళీ. పంజగుట్టకు ఫోన్ల చెప్పింది..."

"మీరే" అంది ఆమె.

నీకెట్ల తెలుసు అన్నాను.

"ప్రమోద్ సార్ ఫోన్ స్పీకర్ల పెట్టిండు. నన్ను ముంగట నిలవెట్టి వినిపించిండు. హండ్రెడ్ పర్సెంట్ గదే అన్నరు. మొదటి రోజు మీరు క్లాసుల అరుస్తుంటే కండ్లు మూసుకొని విన్న. గదే గొంతు."

"తెలిసి నా దగ్గరికే ఎందుకొచ్చినవమ్మా?"

"ముంగటనే ఓదెలన్నను మీ పేరు అడుక్కొని ఒచ్చిన సార్. గంత ధీమాగ చెప్పినాయన అంటే మస్తు తెలిసినాయన అయ్యుంటడనుకున్న. మీ దగ్గర నేర్చుకుంటే జిందగీల మల్ల గసొంటి తప్పు చెయ్యననుకున్న."

ఆమె తిట్టి ఉంటే తట్టుకునేవాడిని. చెప్పు తీసుకుని కొట్టినా తట్టుకునేవాడిని. ఆమె నన్ను నమ్మి వచ్చింది. ఇంత సిగ్గు నా జన్మలో ఎరగను. ఏడుపు వచ్చింది, డెబ్బై మంది ముందు.

ఫోన్ తీశాను. ప్రమోద్ గారికి కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను.

"సార్, నేను విజయేందర్‌ను, అమీర్‌పేట. రవళి మానిటర్ నల్లబడింది ఫోటోలతోని కాదు. కన్వర్టర్ ఖరాబై. మీ ఓదెలును అడగండి, మార్చిన సంగతి చెప్తడు. ఆమె తప్పు ఏం లేదు."

"ఏంటండీ ఇది? అప్పుడు హండ్రెడ్ పర్సెంట్ అన్నారు కదండీ మీరు?"

"చెప్పిన సార్. తప్పని తెలిసే చెప్పిన."

ప్రమోద్ గారు గొంతు తగ్గించి, "ఆవిడ మీ దగ్గర ఉంటే, ఒకసారి ఆఫీసుకి రమ్మని చెప్పండి" అని పెట్టేశారు.

క్లాసు వదిలేశాను. పిల్లలు చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగారు. రవళి కూర్చునే ఉంది. ఫోన్‌లో పన్నెండు ఫొటోలు ఒక్కొక్కటే తీసి చూసుకుంటోంది. ఆకుపచ్చ గాగ్రా వేసుకుని, ఒక కాలు ఎత్తి నవ్వుతున్న పాప. చూస్తూనే కళ్లు తుడుచుకుంది. నేను చేతులు జోడించాను. ఆమె దాన్ని పట్టించుకోలేదు. పుస్తకం, పెన్ను సంచిలో పెట్టుకుని లేచింది.

"ఆఫీసు సంగతి నేను చూసుకుంట సార్. ఆదివారం మీరు నాతోని సనత్‌నగర్ రావాలె. ఆరు నెలల సంది ఆ ఇంట్ల తప్పు నాదే అని చెప్పిన. ఎవరిదో మీరే చెప్పాలె."

"ఒస్త" అన్నాను. నాకే వినబడలేదు.

తలుపు దాకా వెళ్లి ఆగింది.

"రాజనర్సయ్య తాతకు జర చెవుడు సార్. ఫోన్ల చెప్పినంత గట్టిగ చెప్పాలె."